కప్పలు కోరిన రాజు



కప్పలు రాజును కోరిన కథ మనలో చాలామంది బాల్యంలో విన్నదే. చెరువులో యథేచ్ఛగా బతుకుతున్న కప్పలకు తమకొక రాజు లేడన్న చింత పట్టుకుంటుంది. దేవుణ్ణి వేడుకుంటాయి. ఆయన నవ్వుకొని ఒక కొయ్యదుంగను నీటిలో పడవేస్తాడు. ఆ చప్పుడుకు మొదట హడలిపోయిన కప్పలు, క్రమంగా దగ్గరకు చేరి, దాని నెత్తినెక్కి గంతులు వేస్తాయి. చివరకు కదలని మెదలని రాజు మాకెందుకని మళ్ళీ మొరపెట్టుకుంటాయి. ఈ పర్యాయం కొంగ వస్తుంది. అది చక్కగా కదులుతుంది, ఒక్కొక్క కప్పనే ముక్కున కరచుకొని మింగుతుంది.

ఇది పిల్లల కోసం పుట్టిన కథ కాదు. క్రీస్తుశకం ఒకటవ శతాబ్దపు రోమన్ కవి ఫీడ్రస్, ఈ కథను ఈసప్ ఏథెన్సు ప్రజలకు చెప్పినట్లు రాశాడు. పిసిస్ట్రాటస్ అనే నియంత అధికారం చేజిక్కించుకొన్నప్పుడు ప్రజలు వాపోతుంటే చెప్పాడట. ఫీడ్రస్ కథలో రెండవ రాజు కొంగ కాదు, నీటిపాము. 1668లో పద్నాలుగవ లూయీ ఏలుబడిలో ఫ్రెంచి కవి లా ఫొంటేన్ రాసిన కథలో అది కొంగ. ఆయన కప్పలు ప్రజాస్వామ్యంతో విసుగెత్తి రాజును కోరుకుంటాయి.

ఈ కథకు 1922లో ఫ్రాన్సులో మరొక జన్మ లభించింది. లాడిస్లాస్ స్టారెవిచ్ దీనిని బొమ్మలతో చలనచిత్రంగా తీశాడు. అంతర్జాలం పుణ్యమా అని నూరేళ్ళనాటి ఆ మూకీచిత్రాన్ని ఈ వయసులో నేను చూడగలిగాను.

స్టారెవిచ్ 1882లో మాస్కోలో, పోలిష్ కుటుంబంలో పుట్టాడు. కీటకాలంటే మక్కువ. 1910 ప్రాంతంలో, నేడు లిథువేనియాలో ఉన్న కౌనస్‌లో, కొమ్ముపురుగుల పోరాటాన్ని చిత్రీకరించబోయాడు. అవి నిశాచరాలు, దీపాలు వెలిగించగానే కదలడం మానేశాయి. అప్పుడాయన చచ్చిన పురుగులకు తీగలతో కాళ్ళు అమర్చి, లక్కతో అతికించి, కొద్దికొద్దిగా కదుపుతూ ఒక్కొక్క చిత్రమే తీశాడు. తెరమీద అవి ప్రాణమున్నవాటిలా పోరాడాయి. 1917 విప్లవం తరువాత రష్యాను విడిచి, ఫ్రాన్సు చేరి, 1965లో మరణించేవరకు ఆ దేశంలోనే బొమ్మలతో చిత్రాలు తీశాడు.

ఈ ప్రక్రియను నేడు స్టాప్ మోషన్ అంటున్నారు. బొమ్మ కాలిని వెంట్రుకవాసి జరపాలి, ఒక చిత్రం తీయాలి. మళ్ళీ జరపాలి, మళ్ళీ తీయాలి. మూకీల కాలంలో సెకనుకు పదహారు చిత్రాలనుకున్నా, నిమిషానికి 960 కావాలి. తెరమీద పది కప్పలుంటే పదింటినీ విడివిడిగా కదపాలి.

నన్ను ఆలోచింపజేసింది ఇదే. కథ చెప్పేటప్పుడు మనం "కప్పలు" అంటాము. అది బహువచనం. "కొంగ కప్పలను తినసాగింది" అన్న వాక్యంలో ఏ కప్ప పోయిందో ఎవరికీ పట్టదు. ఆ ఒక్క "లు" వర్ణకంలో ఎన్ని ప్రాణాలనైనా ఇమిడ్చివేయవచ్చు. చరిత్ర పుస్తకాలూ ఆ పనే చేస్తాయి: ప్రజలు నశించారు, గ్రామాలు తగులబడ్డాయి. కానీ బొమ్మలాటలో బహువచనం లేదు. ప్రతి కప్పనూ ఒక చేయి తయారు చేసింది, ప్రతి మోకాలినీ ఒక వేలు వంచింది. కొంగ ముక్కులో గిలగిల కొట్టుకొనే కప్ప "కప్పలలో" ఒకటి కాదు, ఆ కప్పే. పాత కథను బతికించడమంటే ఇదేనేమో.

ఈ కథకు నీతివాక్యంగా "ఉన్నదానితో తృప్తి చెందవలెను" అని రాయించడం పరిపాటి. నేను తరగతిలో ఈ కథ చెప్పినప్పుడు ఒక బాలిక లేచి, "కొంగ తింటుందని దేవుడికి తెలుసు కదండీ, మరి ఎందుకు పంపాడు?" అని అడిగింది. నీతివాక్యాన్ని నల్లబల్లమీద రాయడం ఆపి, ఆ గంటంతా ఆ ప్రశ్నకే కేటాయించాను. కప్పల అవివేకం నిజమే. అయితే అవివేకానికి మరణదండన న్యాయమా? దుంగతో సరిపెట్టుకొమ్మనే నీతి ఎవరికి అనుకూలం?

మన పంచతంత్రంలోనూ కప్పల రాజొకడున్నాడు, గంగదత్తుడు. దాయాదులమీద కోపంతో ప్రియదర్శనుడనే పామును తానే బావిలోకి తీసుకువస్తాడు. పాము దాయాదులను తిన్నది, తరువాత మిగిలినవారినీ తిన్నది, చివరకు గంగదత్తుని కుమారుణ్ణి కూడా విడిచిపెట్టలేదు. గ్రీకు కథలో ప్రజలు మృత్యువును కోరి తెచ్చుకుంటారు. మన కథలో పాలకుడు తన పగ తీర్చుకోవడానికి దానిని ప్రజలమీదికి తెస్తాడు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చెబితేగాని రాజనీతి పాఠం పూర్తికాదని నా అభిప్రాయం.

స్టారెవిచ్ ఈ చిత్రం తీసిన 1922లోనే, అక్టోబరు నెలలో, ఇటలీ రాజు ముస్సోలినీని పిలిచి ప్రభుత్వం అప్పగించాడు. జారు పతనాన్నీ, ఆపై అంతర్యుద్ధాన్నీ చూసిన తరం వాడు స్టారెవిచ్. ఆయన మనసులో ఏముందో ఊహించి చెప్పడం నాకు తగదు. ఆయన వేళ్ళు చేసిన పని మాత్రం కళ్ళెదుట ఉంది.

మీ ఇంట్లో పిల్లలుంటే ఈ చిత్రాన్ని వారితో కలిసి చూడండి. నీతి ఏమిటని మాత్రం వెంటనే అడగకండి. కొంగ నోట పడిన ఆ కప్ప ఏ రంగు చొక్కా వేసుకొని ఉంటుందో ఊహించమనండి. నలుపు తెలుపుల చిత్రం కనుక తలా ఒక రంగు చెబుతారు. చెప్పనివ్వండి. ఒకసారి దానికి చొక్కా రంగు కల్పించిన పిల్లవాడికి, ఆ కప్ప మళ్ళీ బహువచనంలో కలిసిపోదు.

స్వస్తి.