కిటికీ తెర

కిటికీకి తెరలు ఇంటి అందం కోసమేనని చాలామంది అనుకుంటారు. ఇంట్లో మంచం పట్టిన పెద్దవారుంటే అవి వారి మర్యాదను కూడా కాపాడతాయని మాకు అనుభవం మీద తెలిసింది.

మేమిద్దరం తోడికోడళ్లం. పక్షవాతం వచ్చి మా అత్తయ్యగారికి కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆమె మంచం ముందుగదిలో వేశాం. గాలి వచ్చేది, మనుషుల అలికిడి వినిపించేది ఆ గదిలోనే. కాని దాని కిటికీ వీధిలోకి ఉంది. ఒళ్లు తుడవాలన్నా, చీర మార్చాలన్నా రెక్కలు మూయాలి. మూస్తే ఉక్క, తెరిస్తే దారినపోయేవారి చూపులు. అత్తయ్యగారు ఏమీ అనేవారు కాదు. ముఖం మాత్రం గోడవైపు తిప్పుకొనేవారు.

బజారులో కుట్టి అమ్మే తెరలు మా కిటికీ కొలతకు సరిపోలేదు. మందుల ఖర్చు మధ్య దర్జీకి ఇవ్వడం కూడా భారమే. అందుకని ఇంట్లో ఉన్న కాలిమిషను మీద మేమే కుట్టాం.

కిటికీ వెడల్పు 40 అంగుళాలు. పక్కల నుంచి లోపలికి కనిపించకుండా రాడ్‌ను అటూ ఇటూ 4 అంగుళాలు పెంచితే 48 అయింది. కుచ్చులు నిండుగా పడాలంటే గుడ్డ దానికి రెట్టింపు కావాలి. 48 అంగుళాల పన్నా ఉన్న నూలు గుడ్డ తెచ్చి, కత్తిరించకముందే రాత్రంతా నీళ్లలో నానబెట్టి ఆరేశాం. నూలు గుడ్డ మొదటి ఉతుకులో కుదించుకుపోతుంది గనుక ఈ పని ముందే చేయాలి.

తెర పొడవు 54 అంగుళాలు. పైమడతకు 3, కిందిమడతకు 5 కలిపి 62 అంగుళాల ముక్కలు రెండు కత్తిరించాం. కిందిమడత వెడల్పుగా ఉంటే ఆ బరువుకు తెర గాలికి ఊరకే ఎగరదు. పైన 12 అంగుళాల జాలరు వేశాం. పడుకున్నవారి కళ్లలో రాడ్ పైసందులోంచి పడే ఎండను ఆపేది అదే. మడతలతో కలిపి దానికి 17 అంగుళాల ముక్కలు రెండు పట్టాయి. మొత్తానికి నాలుగున్నర మీటర్ల గుడ్డతో పని ముగిసింది.

జాలరు కదలనక్కరలేదు. కాబట్టి పైమడతను గొట్టంలా కుట్టి, ముందువైపు వేరే రాడ్‌కు ఎక్కించాం. తెరలకు కూడా అలాగే కుడితే సగం పని తప్పేది. కాని గొట్టంలా కుట్టిన తెర రాడ్ మీద సులువుగా జరగదు. అత్తయ్యగారికి ఉన్నది ఒక్క ఎడమచెయ్యి. అందుకే నాలుగేసి అంగుళాలకు ఒక రింగు చొప్పున చేత్తో కుట్టాం. తెర అంచున ఉన్న రింగుకు ఒక సన్నని కర్ర వేలాడగట్టి, ఎడమచెయ్యి కిటికీవైపు వచ్చేలా మంచం తిప్పాం. కర్ర పట్టుకుని నెడితే తెర మూసుకుంటుంది, లాగితే తెరుచుకుంటుంది.

మర్నాడు పొద్దున ఒళ్లు తుడవడానికి వేణ్ణీళ్లు తీసుకువెళ్లేసరికి తెర మూసి ఉంది. "నేనే వేసుకున్నానమ్మా" అన్నారు, మాట తడబడుతున్నా స్పష్టంగా. జబ్బు చేశాక ఎవరినీ అడగకుండా ఆమె చేసుకున్న మొదటి పని అది. సాయంత్రం బడి పిల్లలు ఇళ్లకు వెళ్లే వేళకు తనే తెర తీసుకుని చూస్తుంటారు.

ఇలాంటివారి గదికి తెర కుట్టేవారు ముందు వారి చెయ్యి ఎంతదూరం అందుతుందో చూడండి. కిటికీ కొలతలు తర్వాత తీసుకోవచ్చు.