ధారూరు చెట్ల నీడలో కాస్త ఊరట

హైదరాబాదుకు దగ్గర్లో కొండగాలి పీల్చుకోవాలంటే అందరూ చెప్పే పేరు వికారాబాదు. అనంతగిరి అడవి, పద్మనాభస్వామి గుడి, మూసీ పుట్టిన చోటు... ఇవన్నీ మీలో చాలామంది చూసే ఉంటారు. ఈసారి వెళ్తే అక్కడితో ఆగకండి. మనసు కుంగినవాళ్ళకు ఊరటనిచ్చే చోటు ఒకటి ఆ దారిలోనే ఉంది.

నిజాం కాలంలో క్షయ రోగుల కోసం అనంతగిరి మీద శానటోరియం కట్టారు. సరైన మందులు లేని ఆ రోజుల్లో మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి, ఇవే వైద్యం. కింద ఊళ్ళో మెథడిస్టు మిషను వాళ్ళు క్రాఫర్డ్ ఆసుపత్రినీ, ఆడపిల్లలకు మేరీ నాట్స్ బడినీ పెట్టారు. ఒకచేత ప్రార్థన, ఒకచేత మందు అన్నమాట!

వికారాబాదు నుంచి తాండూరు వైపు వెళ్ళే రైలుదారిలో ధారూరు స్టేషను వస్తుంది. ఏటా నవంబరులో అక్కడ మెథడిస్టు క్రైస్తవుల జాతర జరుగుతుంది. జాతర అంటే తిరునాళ్ళ సందడి ఒక్కటే అనుకునేరు! తెలంగాణ పల్లెల నుంచీ, కర్ణాటక, మహారాష్ట్రల నుంచీ కుటుంబాలకు కుటుంబాలే గిన్నెలూ, బియ్యం, దుప్పట్లూ మోసుకొచ్చి చెట్ల కింద గుడారాలు వేసుకుంటాయి. మూడు రాళ్ళు పెట్టి పొయ్యి వెలిగిస్తారు. పొద్దున ప్రార్థన, రాత్రి పాటలు, వాక్యం.

రెండేళ్ళ కిందట మా అమ్మ పోయాక నాకు ఏ పనీ చేతకాలేదు. తెల్లవారితే భయం, రాత్రయితే నిద్ర ఉండదు. కుక్కరు పెట్టి ఎందుకు పెట్టానో మరిచిపోయేదాన్ని. 'విశ్వాసం తక్కువైంది, అందుకే ఇలా' అని చుట్టాల్లో ఒకావిడ అన్నప్పుడు ఇంకా కుంగిపోయాను. మా పాస్టరమ్మగారు మాత్రం, 'ఇది డిప్రెషన్, జబ్బు. షుగరు వస్తే డాక్టరు దగ్గరకు వెళ్ళమూ? పద, నేనూ వస్తాను' అని తోడొచ్చారు. మందులు మొదలైన కొన్ని నెలలకు నన్ను ధారూరు జాతరకు తీసుకెళ్ళారు.

అక్కడ నేనేమీ చేయలేదు. చాప మీద కూర్చున్నానంతే. పక్క గుడారంలోని ముసలమ్మ ఎవరు, ఏమిటి అని అడగకుండానే జొన్నరొట్టె మీద ఇంత పచ్చడి వేసి చేతిలో పెట్టింది. 'తిను బిడ్డా, ఏడుపొస్తే ఏడువు' అంది. చాలా రోజుల తర్వాత ఆ రోజు కడుపునిండా తిన్నాను.

ఏలీయా ప్రవక్త కథ అప్పుడే నాకు బాగా అర్థమైంది. అంతటి ప్రవక్త అలసిపోయి, అడవిలో బదరీ చెట్టు కింద పడుకుని, ఇక నా ప్రాణం తీసుకో స్వామీ అని దేవుణ్ణి అడిగాడు. దేవదూత వచ్చి కోప్పడలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, కుండతో నీళ్ళు ఇచ్చి తినమన్నాడు. అతను తిని మళ్ళీ పడుకుంటే, ఇంకోసారి తట్టిలేపి తినిపించాడు. ప్రయాణం మాట ఆ తర్వాతే! మీ ఇంట్లో ఎవరైనా ఇలా ఉంటే ముందు చేయాల్సింది కూడా ఇదే. ఉపదేశం కన్నా ముందు ఇంత అన్నం, కాస్త నిద్ర, పక్కన ఒక మనిషి.

ధారూరు దాటి ముందుకెళ్తే తాండూరు. మన ఇళ్ళలో పరుచుకునే నాపరాళ్ళ ఊరు. ఇక్కడి కందులకు 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. వచ్చేటప్పుడు రెండు కిలోల పప్పు తెచ్చుకోండి, చక్కగా ఉడుకుతుంది. ఆ రోజు తిరిగొచ్చి నేనూ ఆ పప్పే వండాను. ఇంట్లోవాళ్ళు మారు వడ్డించుకుంటుంటే చూస్తూ కూర్చున్నాను.

తాండూరు పక్కన పారే కాగ్నా నదీ అనంతగిరి కొండల్లోనే పుట్టింది. మూసీ తూర్పుకు వెళ్తే, కాగ్నా పడమటికి వెళ్ళి భీమానదిలో కలుస్తుంది. చివరకు రెండు నీళ్ళూ చేరేది కృష్ణమ్మలోకే. ప్రార్థన, మందు కూడా అంతే. ఒకటి పట్టుకుని రెండోది వదలొద్దు.

జాతరకు వెళ్ళేవాళ్ళు దుప్పటి, టార్చిలైటు, వేసుకునే మాత్రలు మరిచిపోకండి. నవంబరులో అక్కడ చలి ఎక్కువే. మతం ఏదైనా సరే, చెట్టు నీడకు ఎవరూ అడ్డు చెప్పరు. వెళ్ళలేనివాళ్ళూ, బతకాలని లేదు అనిపించేవాళ్ళూ 14416కు ఫోన్ చేయండి. 2022లో ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరది. రాత్రయినా పగలయినా ఉచితమే, తెలుగులో మాట్లాడొచ్చు. ఈ నంబరు వంటింటి క్యాలెండరు మీద రాసిపెట్టుకోండి. మీకు కాకపోయినా, పక్కింటి చెల్లెలికి పనికొస్తుంది.