నాకూ ఒక వెయిట్ బ్లాకు

రంగుల బ్లాకులు పేర్చి ప్రోగ్రాం చేసే స్క్రాచ్‌లో, కోరుకొండ నరసింహస్వామి మెట్లెక్కే బొమ్మ చేశాను. మొదట ఒక్క గెంతులో కొండెక్కేసేది. మెట్టుకీ మెట్టుకీ మధ్య వెయిట్ బ్లాకు పెట్టాక బుద్ధిగా ఎక్కింది.

ఎగ్జిబిషన్ రోజు వేరే కంప్యూటర్లో ఫైలు తెరుచుకోలేదు. పెన్‌డ్రైవ్ తెచ్చిన నా పక్కమంచం వాణ్ణి "నువ్వే పాడుచేశావురా" అని అందరి ముందూ తిట్టేశాను. వాడు ఏమీ అనలేదు. తీరా చూస్తే ఫైలు పేరు చివర ఎస్‌బి3 అని ఉంది. అంటే 2019లో వచ్చిన స్క్రాచ్ 3ది. అక్కడున్నది పాత స్క్రాచ్ 2. కొత్తది పాత ఫైళ్ళు తెరుస్తుంది గానీ, పాతది కొత్తవి తెరవదు. మా ల్యాబులో పెడితే బొమ్మ చక్కగా మెట్లెక్కింది.

ఆ రాత్రి వాడి కంచం నేనే కడిగాను. నోరు జారేముందు నాకూ ఒక వెయిట్ బ్లాకు ఉండాల్సింది.

– 9వ తరగతి విద్యార్థి