కోంక్: ఒక కొండవాలు గ్రామం

దక్షిణ ఫ్రాన్స్‌లోని అవేరోన్ జిల్లాలో, దుర్దు ఏటికి పైన, కొండవాలున అంచెలంచెలుగా కట్టిన ఊరు కోంక్. నిటారు సందులు, కర్ర చట్రాల మధ్య గోడలు, రాతి పలకలు పరిచిన కప్పులు. లోయ ఇరుకు కావడంతో ఊరు పెరగడానికి చోటు లేకపోయింది; పాత రూపు చెడకపోవడానికి అదీ ఒక కారణం.

ఇలాంటి మారుమూలకు పేరు తెచ్చింది ఒక దొంగతనం. రోమన్ల కాలంలో మతవిశ్వాసం కోసం ప్రాణాలిచ్చిందని చెప్పే సెంత్ ఫ్వా అనే బాలిక అస్థికలు అజెన్ పట్టణంలో ఉండేవి. కోంక్ మఠానికి చెందిన సన్యాసి ఒకరు అక్కడ చేరి, ఏళ్ల తరబడి నమ్మకంగా మెలిగి, 866 ప్రాంతంలో వాటిని ఎత్తుకొచ్చారని మఠంవారి కథనం. అందులో సంకోచం ఏమీ కనబడదు. ఆ పుణ్యాత్మురాలే ఇక్కడికి రాదలచుకుందని వారి నమ్మకం. ఆ అస్థికల వల్లే ల పుయి పట్టణం నుంచి స్పెయిన్‌లోని సాంతియాగోకు నడిచే యాత్రికులకు కోంక్ ముఖ్యమైన మజిలీ అయింది. 11వ శతాబ్దంలో మొదలైన ఇప్పటి చర్చిలో, ప్రార్థనకు అడ్డం రాకుండా జనం తిరగడానికి బలిపీఠం వెనుక ప్రదక్షిణ మార్గం కట్టారు.

పడమటి ద్వారం మీద 12వ శతాబ్దపు తుది తీర్పు శిల్పం ఉంది. అర్ధవృత్తంలో 124 బొమ్మలు. నీలం, ఎరుపు రంగుల జాడలు ఇంకా మిగిలాయి. క్రీస్తుకు కుడివైపు స్వర్గం, అంతా బారులు తీరిన ప్రశాంతత. ఎడమవైపు నరకంలోనే శిల్పి చేయి బాగా ఆడింది: పిసినారి మెడకు డబ్బు సంచితోనే వేలాడుతున్నాడు. తోరణం అంచున రాతిపట్టీ వెనుక నుంచి చిన్న ముఖాలు తొంగి చూస్తుంటాయి. ఎంతసేపు చూసినా తనివి తీరని పని ఇది.

ఖజానాలో సెంత్ ఫ్వా కూర్చున్న విగ్రహం ఉంది. చెక్క మీద బంగారు రేకు తాపడం. ఒళ్లంతా భక్తులు ముడుపుగా ఇచ్చిన రత్నాలు. తల మాత్రం విగ్రహం కంటే పాతది, రోమన్ యుగం చివరినాటిది. 11వ శతాబ్దం తొలినాళ్లలో వచ్చిన బెర్నార్ అనే పండితుడు మొదట దీన్ని విగ్రహారాధనగా ఈసడించి, తర్వాత మనసు మార్చుకొని ఆమె మహిమలను గ్రంథస్థం చేశాడు.

ఫ్రెంచి విప్లవకాలంలో చర్చిల బంగారం ప్రభుత్వపరమై కరిగిపోతుంటే, కోంక్ ప్రజలు ఈ నిధిని పంచుకొని ఇళ్లలో దాచారు. అలజడి తగ్గాక తిరిగి అప్పగించారు. కరువు కాలంలో బంగారాన్ని చేతిలో పెట్టుకొని కూడా ముట్టుకోకపోవడం ఈ ఊరి చరిత్రలో అన్నింటికన్నా పెద్ద విషయం. చర్చి కట్టడం మాత్రం శిథిలమవుతూ వచ్చింది. 1837లో చారిత్రక కట్టడాల తనిఖీ అధికారి, రచయిత ప్రోస్పేర్ మెరిమే దాన్ని చూశాకే మరమ్మతులకు దారి పడింది.

చర్చి కిటికీలకు ఇప్పుడున్న అద్దాలు చిత్రకారుడు పియెర్ సులాజ్‌వి. దగ్గరలోని రొడేజ్‌లో 1919లో పుట్టిన ఆయన చిన్నప్పుడు బడి పిల్లలతో ఇక్కడికి వచ్చినప్పుడే కళే తన దారి అని తేల్చుకున్నారు. 1987 నుంచి 1994 వరకు 104 కిటికీలకు రంగులేని, అవతలిది కనబడని గాజు చేయించారు. వెలుతురు మారేకొద్దీ ఆ గాజు మీద ఛాయలు మారతాయి. బొమ్మలు లేకపోవడం వల్ల రాయి తన రంగుతోనే కనబడుతుంది. ఈ చర్చికి అదే సరిపోయింది.

1998లో చర్చి, దుర్దు మీది పాత వంతెన సాంతియాగో యాత్రామార్గాలతోపాటు యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. 2016లో పొరుగు గ్రామాలతో కలిసి కోంక్ ఆన్ రువెర్గ్ అనే పాలనా విభాగం ఏర్పడింది. 1873 నుంచి ఇక్కడున్న ప్రెమోంత్రే అనే క్రైస్తవ సంఘపు సన్యాసులు కాలినడకన వచ్చే యాత్రికులకు ఇప్పటికీ బస ఇస్తున్నారు.