అమానత్ హిసాబ్

ఎవరన్నా హజ్‌కి పోతూ నగల మూట మనింట్లో పెట్టిపోతే, వాళ్లు తిరిగొచ్చేదాకా అమ్మీకి నిద్ర పట్టదు. అమానత్ అంటే అంత బరువు. కంప్యూటర్ లోపల కూడా ఇలాంటి హిసాబే నడుస్తుందని మా భాంజీ చెప్పింది. ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేసి, వార్తలు రాసుకుని బతికే నాకు పైథాన్, సీ ఏం తెలుసు? అయినా శ్రద్ధగా విన్నాను. అందులో మా ఆపా ఇంటి రోజీ ఉంది మరి.

దూల్హా భాయ్ మైపాడు వైపు నాలుగు రొయ్యల గుంటలు లీజుకు తీసుకున్నాడు. చీకటి పడితే నీళ్లలోని నాచు ఆక్సిజన్ ఇవ్వదు, పైగా తానూ పీల్చుకుంటుంది. ఫజర్‌కి కాస్త ముందు ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువ. లీటరుకు 4 మిల్లీగ్రాముల కిందికి దిగితే ఫికర్ మొదలు. అందుకే భాంజీ సెన్సర్లు పెట్టింది. వాటిని చదివే భాగం సీలో రాసింది, ఏరేటర్లు తిప్పే భాగం పైథాన్‌లో. సీ తను చదివిన అంకెను పైథాన్ ఆబ్జెక్ట్‌కు ‘ఆక్సిజన్’ అనే ఆట్రిబ్యూట్‌గా తగిలించాలి. ఆట్రిబ్యూట్ అంటే మన మాటలో సిఫత్.

వారం తిరక్కముందే బోర్డు మెమరీ నిండి ఆగిపోయింది. ఖైర్, దూల్హా భాయ్ అప్పుడు గట్టు మీదే ఉన్నాడు.

జరిగింది ఇది. పైథాన్‌లో ప్రతి వస్తువుకూ ఒక లెక్క ఉంటుంది: దాన్ని ఎంతమంది పట్టుకున్నారు అని. లెక్క సున్నా అయితేనే ఆ జాగా ఖాళీ అవుతుంది. సీ కొత్త అంకెను తయారు చేసినప్పుడు లెక్క 1. ‘పైఆబ్జెక్ట్_సెట్‌ఆట్ర్‌స్ట్రింగ్’తో సిఫత్‌గా తగిలిస్తే ఆబ్జెక్ట్ కూడా పట్టుకుంటుంది, లెక్క 2. ఇక సీ తన చెయ్యి తీసేయాలి. దానికి ‘పై_డెక్‌రెఫ్’ అని ఉంది. ఆ ఒక్క లైను లేదు. కొత్త అంకె వచ్చినప్పుడు ఆబ్జెక్ట్ పాతదాన్ని వదిలేసింది, సీ వదల్లేదు. నాలుగు గుంటలు, సెకనుకు పదేసి సార్లు: రోజుకు 34,56,000 అంకెలు. ఒక్కోటి 24 బైట్లు. రోజుకు 8 కోట్ల బైట్ల పైనే. బోర్డు మెమరీ మొత్తం 512 ఎంబీ!

“అయితే ప్రతిచోటా ఆ లైను రాసేస్తే పోలా?” అన్నాను.

“అట్ట కుదరదు మామూ. చూడ్డానికి అడిగి తీసుకున్నదాన్ని మనం వదిలేస్తే, అసలు వాళ్ల చేతిలో ఉండగానే అది మాయమవుతుంది. ప్రోగ్రాం కూలిపోతుంది. ‘పైలిస్ట్_సెట్‌ఐటెమ్’ అయితే మన హక్కు తనే తీసేసుకుంటుంది, మళ్లీ మనం వదలకూడదు.”

ఇంకోటి కూడా చెప్పింది. సిఫత్ తగిలించడం కుదిరితే 0 వస్తుంది, కుదరకపోతే -1. అది చూసుకోకపోతే పాత అంకే అక్కడ నిలిచిపోయి, ఆక్సిజన్ బాగుందనిపిస్తుంది. ఏరేటర్ తిరగదు. కుదరకపోయినా సీ తన చెయ్యి తీయాల్సిందే.

స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండగలో మురాద్‌తో రొట్టె తీసుకున్నవాళ్లకు, అది తీరాక మళ్లీ వచ్చి రొట్టె ఇవ్వాలని తెలుసు. ఎవరూ గుర్తుచేయక్కర్లేదు. మెషీన్‌కి మాత్రం నియ్యత్ కనపడదు, లెక్కే కనపడుతుంది. అందుకే పైథాన్ డాక్యుమెంటేషన్‌లో ఏ ఫంక్షన్ ఇచ్చింది సొంతమో, ఏది అరువో రాసి ఉంటుంది. భాంజీ ఇప్పుడు ప్రతి ఫంక్షన్‌కీ ముందు ఆ మాట చదివి, కోడ్ పక్కన కామెంట్‌గా రాసుకుంటోంది: ఇది నాది, ఇది అమానత్.