గుమ్మం ముందు ఆగిన మిషను

లారీ వచ్చేసరికి రాత్రి పదకొండయింది. మాధవమాల వీధిలో కుక్కలన్నీ ఒక్కసారిగా అందుకున్నాయి. పక్కింటి పెద్దాయన లుంగీ ఎగ్గట్టుకుని పరుగున వచ్చాడు... టార్పాలిన్ కింద ఏముందో చూద్దామని! శేషాచలం కొండల చుట్టుపక్కల ఊళ్లలో రాత్రిపూట లారీ ఆగితే ముందు తట్టేది ఎర్రచందనమే మరి. పట్టా ఎత్తి చూస్తే దుంగల్లేవు. ఒళ్లంతా గ్రీజు పూసుకున్న ఇనుప దిమ్మె ఉంది. చెన్నైలో మూతబడిన ఓ ఫర్నిచర్ షెడ్డు నుంచి సెకండ్ హ్యాండ్‌లో కొన్న ప్లేనర్ మిషను అది. బరువు 700 కిలోలు.

ఏర్పేడు మండలంలోని మాధవమాల కొయ్యశిల్పాలకు పేరు. 2022లో తిరుపతి జిల్లాలోకి వచ్చింది కానీ అంతకుముందు చిత్తూరు జిల్లానే. దేవుడి బొమ్మలు, గుళ్లకు వాహనాలు, పూజగది తలుపులు ఇక్కడ చెక్కుతారు. బొమ్మ చెక్కడం ఒక ఎత్తు, అంతకుముందు చెక్కను చిత్రిక పట్టి చదును చేయడం ఒక ఎత్తు. ముప్ఫై ఏళ్లు ఆ పని చేసిన మేస్త్రి కుడి భుజం ఇప్పుడు పైకి లేవదు. కొడుకేమో శ్రీసిటీలో కంపెనీ ఉద్యోగానికి వెళ్లిపోయాడు. ‘‘చిత్రిక పట్టడానికైతే నేను రాను నాయనా, మిషను తెస్తే వస్తా’’ అన్నాడొకసారి పండక్కి వచ్చినప్పుడు. ఆ మాట పట్టుకునే భార్య గాజులు బ్యాంకులో పెట్టి మిషను కొన్నాడు తండ్రి.

ఇంట్లో మిషను ఈ ప్రాంతానికి కొత్త కాదు. నగరి, పుత్తూరు వైపు ఎన్నో ఇళ్లలో మరమగ్గాలు ఆడుతుంటాయి. అయితే మగ్గాన్ని విప్పి ముక్కలుగా లోపలికి చేర్చుకోవచ్చు. ఇది పోత ఇనుము. దిమ్మె అంతా ఒకటే. చేయిజారితే వంగదు, పగులుతుంది. పగిలిందంటే పాత ఇనుము కిందే లెక్క.

తెల్లారాక మూడుకాళ్ల స్టాండుకి చైన్ పుల్లీ తగిలించి, లారీ మీంచి దించారు. అందరికీ దారి చెప్పింది శ్రీకాళహస్తి రథోత్సవంలో చక్రాల కింద చెక్కలు వేసిన ముసలాయన. ‘‘తోసేవాడికి బలముంటే చాలదురా, ఆపేవాడికి బుద్ధుండాల!’’ అంటూ గదమాయించాడు. గడ్డపారతో అంగుళం లేపడం, కింద చెక్క దూర్చడం, మళ్లీ అంగుళం... పైపులు వేసి, వెనక పైపు బయటపడగానే ముందుకు తెచ్చి పెట్టడం. వీధి నుంచి గుమ్మం దాకా పాతిక అడుగులకు రెండు గంటలు పట్టింది.

గుమ్మం దగ్గర ఆగిపోయింది. మోటారు విప్పినా 38 అంగుళాలుంది మిషను. ద్వారం 36.

ముందుగదిలో కడప బండలు తీసేసి కాంక్రీటు పోయించారు, త్రీఫేజ్ కరెంటుకి దరఖాస్తు పెట్టారు. గుమ్మం కొలవడం మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. అందులోనూ వడ్రంగి ఇల్లు!

ఆ ద్వారబంధం మేస్త్రి తండ్రి చేసింది. టేకు మీద తామరలు, నడిమధ్యన గజలక్ష్మి. ‘‘దాన్ని పీకితే ఇంటికి మంచిది కాదు. మిషను వెనక్కి పంపేయండి’’ అంది ఇల్లాలు. మేస్త్రి మాట్లాడలేదు. ఉలి అందుకుని చేయి ఎత్తబోయాడు. భుజం సహకరించలేదు. చేతిలో ఉలిని కొడుకు తీసుకున్నాడు. గోడకీ చెక్కకీ మధ్య సున్నాన్ని గీరి, చీలలు ఒక్కొక్కటే వదులు చేశాడు. గంటన్నరకి ద్వారబంధం మొత్తంగా బయటికొచ్చింది. తామర రేకు ఒక్కటీ విరగలేదు. మేస్త్రి వేలితో అంచులన్నీ తడిమి చూసి, ‘‘కాఫీ తాగుదురు రండ్రా’’ అన్నాడు. కొడుకుతో మాత్రం ఏమీ అనలేదు.

మధ్యాహ్నానికి మిషను లోపలికెళ్లింది. ద్వారబంధం గోడకి ఆనించి ఉండగా చూస్తే, అడుగున గడప చెదలు తినేసి ఉంది. కొన్ని వారాలకు త్రీఫేజ్ వచ్చింది. మిషనులోకి వెళ్లిన మొదటి చెక్క కొత్త గడపదే. చేత్తో పూటంతా పట్టే పని, నాలుగు నిమిషాల్లో బయటపడింది. మేస్త్రి అరచెయ్యి ఆనించి అటూ ఇటూ జరిపాడు. మిషను కత్తులు వదిలిన సన్నటి అలలు చేతికి తగిలాయి.

‘‘ఆ చిత్రిక ఇట్లా ఇవ్వు’’ అన్నాడు కొడుకుతో.