రక్‌శాక్‌లో పెళ్ళి

"అమ్మా, మేం లేచిపోతున్నాం. బ్యాగు సర్దడానికి కాస్త సాయం చేస్తావా?" అని కిందటి వేసవిలో మా అమ్మాయి ఫోను చేసింది. లేచిపోయే పిల్ల తల్లికి ముందుగా చెప్పి, సామాన్ల జాబితా కూడా చదివి వినిపించడం మా కాలంలో లేదు. నేనూ లేచిపోయినదాన్నే కనుక ఈ మాట కాస్త అధికారంతోనే అంటున్నాను.

సంగతేమిటంటే, తనూ కాబోయే అల్లుడూ స్కాట్లాండులో గ్లెన్‌కో కొండల మధ్య పెళ్ళి చేసుకుని, ఆ రాత్రి అక్కడే గుడారంలో పడుకుని, మర్నాడు దిగి వస్తారట. పెళ్ళి జరిపించే ఆవిడ, ఇద్దరు సాక్షులు, అంతే. మాకు పిలుపు లేదు. "మిమ్మల్ని పిలిస్తే రెండొందలమందిని పిలవాలమ్మా" అంది. నిజమే, బ్రాక్‌నెల్ నుంచి రెడింగు దాకా ఉన్న మనవాళ్ళలో ఎవర్ని వదిలేస్తాం? నిజమేనని ఒప్పుకుని, ఫోను పెట్టేసి, వంటింట్లో కాసేపు ఏడ్చాను.

ఇంగ్లండులో 1753 నాటి చట్టం 21 ఏళ్ళలోపు వాళ్ళ పెళ్ళికి పెద్దల ఒప్పుదల కావాలంది. స్కాట్లాండుకి అది వర్తించదు గనక ప్రేమికులు సరిహద్దు దాటి గ్రెట్నాగ్రీన్‌కి పరుగెత్తేవారు. ఇప్పుడు అక్కడా కనీసం 29 రోజుల ముందు నోటీసివ్వాలి. "లేచిపోవడానికి కూడా నోటీసా!" అని మావారు నవ్వారు. తన సంగతి మరిచిపోయినట్టున్నారు. మన 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టానికీ 30 రోజుల నోటీసుంది, పైగా దాన్ని ఆఫీసులో అందరికీ కనబడేలా అంటిస్తారు. మా నాన్నగారికి ఆ కబురు చేరడానికి ఒక్క పూట చాలు. అందుకే 1988లో రాజమండ్రిలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, మర్నాడు హైదరాబాదులో ఆర్యసమాజం పద్ధతిలో పెళ్ళి చేసుకున్నాం. నా సంచిలో రెండు చీరలు, డిగ్రీ సర్టిఫికెట్లు, ఎందుకో మరి, మా ఇంటి తాళంచెవి.

శనివారం పిల్ల వచ్చి హాలంతా సామాను పరిచింది. అంతకుముందు వారమే ఇద్దరూ బరువులు మోసుకుని స్విన్లీ అడవిలో సీజర్స్ క్యాంపు దాకా నడిచి చూసుకున్నారట. అడుగున స్లీపింగు బ్యాగు, బరువైనవి మధ్యలో వీపుకి ఆనుకుని, వానకోటు అన్నిటికన్నా పైన. పెళ్ళి కాగితం, అదే మ్యారేజ్ షెడ్యూలు, లేకపోతే కొండమీద పెళ్ళే జరగదు కనుక దానికి రెండు ప్లాస్టిక్ సంచులు. మిడ్జెస్ అనే పొట్టి దోమలకి ముఖం మీద వల. మేలిముసుగు అదేననుకోవాలి!

ప్రతి వస్తువూ వంటింటి తూకం మీద పెట్టింది. కంచిపట్టు చీర దాదాపు కిలో తూగింది, వద్దంది. మంగళగిరి నూలు చీర ఒప్పుకుంది. ఇత్తడి కుందులు తూచకుండానే పక్కన పెట్టేసింది. జీలకర్ర బెల్లం చిన్న డబ్బాలో, గుప్పెడు అక్షింతలు, పసుపు పొట్లం, రాత్రికి పులిహోర. పులిహోర బరువు గురించి మాత్రం అల్లుడు మాట్లాడనివ్వలేదు.

చివర్న పుస్తె తీశాను. మనకి రెండు పుస్తెలుంటాయి కదా, ఒకటి పుట్టింటిది, ఒకటి అత్తింటిది. నాకు ఆర్యసమాజంలో ఒక్కటే పడింది. రెండోది మా అమ్మ ఆరేళ్ళ తర్వాత తెచ్చింది. ఆవిడ దాన్ని పసుపుతాడుకి గుచ్చుతున్నప్పుడు ఇద్దరం ఒక్క మాటా మాట్లాడుకోలేదు. మా పిల్లకి ఆ ఆరేళ్ళు ఉండకూడదని సౌత్‌హాల్‌లో ముందే కొనిపెట్టాను. ఆ కథ దానికి తెలుసు.

"రెండు గ్రాములు" అంది తూకం చూసి. సంచిలో పెట్టకుండా మెడలో గొలుసుకి తగిలించుకుంది.

మర్నాడు మధ్యాహ్నం ఫోర్ట్ విలియం నుంచి ఫోను. వానలోనే పెళ్ళయిందట. పసుపు పొట్లం చినిగి కొత్త స్లీపింగు బ్యాగంతా మరకలట. సబ్బుతో ఉతికి ఎండలో వెయ్యమన్నాను.

"స్కాట్లాండులో ఎండెక్కడిదమ్మా" అంది.